ఒక కొండ... రెండు చినుకులు!

పెరూలో ఇంకాల బాట నడవాలంటే పక్కన గైడు ఉండాల్సిందే. రోజుకి ఇంతమందేనన్న లెక్కా ఉండాల్సిందే. హైదరాబాద్‌కి గంటన్నర, రెండు గంటల దూరంలో ఉన్న మన అనంతగిరికి అలాంటి లెక్కలేవీ లేవు. అందుకేనేమో... అక్కడికి వెళ్లొచ్చేవాళ్లు ఎందరో, ఆ కొండను నిజంగా చూసొచ్చేవాళ్లు కొందరే! వికారాబాద్‌లో మొదలుపెట్టి తాండూరు దాకా, తెలిసినవాళ్ల వెంట కాలినడకన వెళితే ఏం కనిపిస్తుంది?

అనంతగిరి మీద వాన మొదలైంది. పక్కపక్కనే రెండు చినుకులు రాలాయి.

ఒకటి గట్టుకు తూర్పువైపు పడింది. ఎర్రమట్టిలోకి ఇంకింది. ఊటై పైకొచ్చింది. సన్నని పాయగా సాగి మూసీ అయింది. గండిపేట మీదుగా హైదరాబాద్ దారి పట్టింది.

రెండోది గట్టుకు పడమటివైపు పడింది. వాగులో కలిసింది. ఆ వాగు కాగ్నాలో కలిసింది. తాండూరును పలకరించి, అటునుంచి అటే కర్ణాటకలోకి వెళ్లిపోయింది.

ఒకే మబ్బులోంచి రాలిన చినుకులు... ఒకే కొండ మీద పడి, రెండు దిక్కులకు విడిపోయాయి. ఆ రెండూ మళ్లీ ఎప్పటికైనా కలుస్తాయా? కలుస్తాయి. ఎక్కడన్నది తరవాత చెప్పుకుందాం. ముందు కొండ ఎక్కుదాం.

రెండు గంటల్లో అయిపోయే కొండా!

ఆదివారం ఉదయం పదయ్యేసరికి అనంతగిరి ఘాట్‌రోడ్డు మీద కార్లూ బైకులూ బారులు తీరతాయి. నందిఘాట్ దగ్గర ఆగి నాలుగు ఫొటోలు. గుళ్లో దండం, ఓ కొబ్బరికాయ. రోడ్డు పక్కన మొక్కజొన్న కంకి, మిర్చిబజ్జీ. చెట్లకింద బిర్యానీ పొట్లాలు. మధ్యాహ్నం దాటితే తిరుగు ప్రయాణం. 'అనంతగిరి చూసొచ్చాం' అని సోమవారం ఆఫీసులో చెప్పుకోవడానికి అది చాలు. కొండకు మిగిలేది మాత్రం ఖాళీ సీసాలూ ప్లాస్టిక్ కవర్లూ!

తప్పు వచ్చినవాళ్లది మాత్రమే కాదు. ఇక్కడ ఏముందో వాళ్లకు చెప్పేవాళ్లు లేరు. రోడ్డుకు దగ్గర్లోనే ఓ నది పుట్టుక ఉందనీ, కాళ్లకింద ఉన్నది ఒకప్పటి లావా అనీ, ఆ పడమటి దిక్కున ఉన్నది ఒకనాటి సముద్రపు అడుగు అనీ ఎవరూ వేలు పెట్టి చూపించరు. చూపిస్తే? అదే కొండ కొత్తగా కనిపిస్తుంది. కొత్తగా కనిపించిన కొండ మీద చెత్త వెయ్యడానికి చెయ్యి రాదు.

వికారాబాద్ నుంచి తాండూరుకు దూరం సుమారు 40 కిలోమీటర్లు. కారులో గంట. రైల్లో ఇంకా తక్కువ. నడిస్తే మూడు రోజులు. చిత్రమేమిటంటే... ప్రపంచంలో అత్యంత పేరున్న ట్రెక్కింగ్ దారుల్లో ఒకటైన ఇంకా ట్రైల్ పొడవూ దాదాపు అంతే!

ఆ చివర ఆండీస్

దక్షిణ అమెరికా పడమటి అంచున, ఏడు దేశాల మీదుగా, దాదాపు ఏడు వేల కిలోమీటర్ల పొడవున పరుచుకున్న పర్వతశ్రేణి ఆండీస్. ప్రపంచంలోకెల్లా పొడవైన భూఖండ పర్వతశ్రేణి అదే. అక్కడి పెరూ దేశంలో, ఇంకా చక్రవర్తులు రాళ్లు పరిపించిన పాత బాట మీద నాలుగు రోజులు నడిస్తే మాచుపిచ్చు వస్తుంది. దారిలో 4,215 మీటర్ల ఎత్తున్న కనుమ దాటాలి. ఊపిరి అందదు. తల తిరుగుతుంది. అయినా ప్రపంచం నలుమూలల నుంచీ జనం వెళ్తూనే ఉంటారు.

వెళ్లేవాళ్లు ఎక్కువయ్యేసరికి ఒక దశలో ఆ బాట చెత్తతో నిండిపోయింది. రాతిమెట్లు అరిగిపోవడం మొదలైంది. సామాన్లు మోసే కూలీల నడుములు విరిగాయి. అప్పుడు పెరూ ప్రభుత్వం మేల్కొంది. 2001 నుంచి కొత్త నిబంధనలు వచ్చాయి. లైసెన్సున్న గైడు లేకుండా ఎవరూ ఆ బాట ఎక్కకూడదు. గైడ్లూ కూలీలతో కలిపి రోజుకు 500 మందికి మించకూడదు. కూలీ మోసే బరువు 20 కిలోలు దాటకూడదు. ఏటా ఫిబ్రవరిలో మొత్తం దారి మూసేస్తారు. అది వానాకాలం. బాటకు మరమ్మతులూ అప్పుడే చేస్తారు. అంటే... ఏడాదిలో ఓ నెల ఆ బాటకూ సెలవన్నమాట!

అక్కడి గైడు దారి మాత్రమే చూపించడు. ఆ కొండల్లో పుట్టినవాడే కాబట్టి, ఏ శిఖరాన్ని తమవాళ్లు దేవుడిగా కొలుస్తారో చెబుతాడు. తాగేముందు నాలుగు చుక్కలు నేలమీద ఒలకబోసి, 'పచమామ'కు... అంటే భూమితల్లికి అర్పించడం నేర్పుతాడు. మన దగ్గర తొలిముద్ద పక్కన పెట్టే పెద్దవాళ్లు గుర్తురావడం లేదూ! కొండలు వేరు. కొండవాళ్ల మర్యాద ఒకటే.

ఆండీస్ తెలుగువాళ్లకు మరీ అంత దూరమేమీ కాదు. నెల్లూరు జిల్లా గాంధీజనసంఘంలో పుట్టిన మల్లి మస్తాన్‌బాబు 2006లో 172 రోజుల్లో ఏడు ఖండాల ఎత్తయిన శిఖరాలను ఎక్కి ప్రపంచ రికార్డు సృష్టించారు. వాటిలో ఒకటి ఆండీస్‌లోని 6,961 మీటర్ల అకాంకాగువా. అదే ఆండీస్‌లో, అర్జెంటీనా-చిలీ సరిహద్దులోని త్రెస్ క్రూసెస్ పర్వతం మీద 2015 మార్చిలో ఆయన ఒంటరిగా వెళ్లి కనిపించకుండా పోయారు. ఏప్రిల్ 3న ఆయన భౌతికకాయం దొరికింది. అప్పుడు ఆయన వయసు 40 ఏళ్లే. నిజామాబాద్ జిల్లా పాకాల అమ్మాయి మాలావత్ పూర్ణ 2014లో, పధ్నాలుగేళ్లయినా నిండకుండా ఎవరెస్ట్ ఎక్కింది. 2019లో అకాంకాగువా మీదా నిలబడింది. ఆమెకు తొలిపాఠం దొరికింది హిమాలయాల్లో కాదు, మన భువనగిరి గుట్ట మీద! పెద్ద కొండలకు దారి చిన్న కొండల మీదుగానే వెళ్తుంది మరి.

మొదటిరోజు: నది పుట్టినచోట

వికారాబాద్ స్టేషన్‌లో దిగగానే చరిత్ర ఎదురవుతుంది. సికింద్రాబాద్-వాడి రైలుమార్గం 1874లో మొదలైంది. హైదరాబాద్ రాజ్యాన్ని బొంబాయి-మద్రాసు లైనుతో కలిపిన దారి అది. ఊరి పేరేమో నిజాం కొలువులో ప్రధానమంత్రిగా పనిచేసిన పైగా వంశీకుడు వికారుల్ ఉమ్రా నుంచి వచ్చింది. ఫలక్‌నుమా ప్యాలెస్ కట్టించింది ఆయనే. 2016 అక్టోబరులో వికారాబాద్ జిల్లాకేంద్రమైంది.

ఊరికి ఆరు కిలోమీటర్ల దూరంలో అనంతగిరి. ఎత్తు చూస్తే పెద్దగా ఏమీ అనిపించదు. సముద్రమట్టం నుంచి 600 మీటర్లు దాటుతుంది, అంతే. ఆండీస్ ముందు అది చీమ. కానీ హైదరాబాద్ తాగునీటి చరిత్ర ఈ చీమ దగ్గరే మొదలైంది!

మూసీకి పురాణాల్లో ముచుకుంద అని పేరు. దేవాసుర యుద్ధంలో దేవతలకు సాయం చేసి అలసిపోయిన ముచుకుందుడు వరం పొంది ఈ కొండగుహలో నిద్రపోయాడట. కాలయవనుడు తరుముతుంటే కృష్ణుడు ఆ గుహలోకి వచ్చాడు. వెనకే వచ్చిన కాలయవనుడు నిద్రపోతున్నది కృష్ణుడే అనుకుని కాలితో తన్నాడు. ముచుకుందుడు కళ్లు తెరిచాడు. ఆ చూపుకి కాలయవనుడు బూడిదయ్యాడు. ఎదురుగా నిలిచిన కృష్ణుడి పాదాలను ముచుకుందుడు కడిగితే, ఆ నీరే నదిగా పారిందని స్థలపురాణం. కొండ మీది అనంతపద్మనాభస్వామి సాలగ్రామ రూపంలో ఉంటాడు. మార్కండేయుడు ఇక్కడ తపస్సు చేశాడంటారు. ఆషాఢంలో చిన్న జాతర, కార్తీకంలో పెద్ద జాతర. కార్తీకంలో చుట్టుపక్కల పల్లెలన్నీ కొండ మీదే ఉంటాయి.

పురాణం సరే... కొండ ఏం చెబుతోంది? ఇక్కడే గైడు అవసరం. అతను గుడి మెట్లు దిగి, పుష్కరిణి దాటి, చెట్లలోకి తీసుకెళ్తాడు. నేలను చూడమంటాడు. చిల్లులు చిల్లులుగా, తుప్పుపట్టిన ఇనుములా ఎర్రగా ఉండే రాయి. వాననీటిని స్పాంజిలా పీల్చుకునే రాయి అది. వానాకాలమంతా తాగుతుంది. తరవాత నెలల తరబడి కొంచెం కొంచెంగా వదులుతుంది. ఆ కిందనే గట్టి నల్లరాయి. నీటిని కిందికి పోనివ్వదు. రెండు రాళ్ల మధ్య చిక్కిన నీరు కొండ పక్కనుంచి ఊటగా బయటికొస్తుంది. దగ్గర్లోని బుగ్గ రామలింగేశ్వరాలయంలో ఏడాది పొడవునా నీటిబుగ్గ ఆగదంటే భక్తులు శివుడి మహిమ అంటారు. రాళ్లు చదివినవాళ్లు ఈ ఎర్రరాయి మహిమ అంటారు. ఇద్దరూ దండం పెట్టేది ఒకే నీటికి!

ఈ నీరే కిందికి వెళ్లి ఏం చేసిందో హైదరాబాద్‌కు బాగా తెలుసు. 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి నగరాన్ని ముంచేసింది. వేలమంది చనిపోయారు. ఆ తరవాతే మోక్షగుండం విశ్వేశ్వరయ్య సలహాతో 1920లో ఉస్మాన్‌సాగర్, 1927లో హిమాయత్‌సాగర్ తయారయ్యాయి. నగరం కన్నీళ్లూ, నగరం మంచినీళ్లూ రెండూ ఈ ఊటలోంచే వెళ్లాయి. హైదరాబాద్‌లో వంతెన మీంచి ముక్కు మూసుకుని మూసీని దాటేవాళ్లు ఒక్కసారి ఇక్కడికొచ్చి ఆ నీళ్లు చూడాలి. దోసిట్లో గీతలు కనిపించేంత తేటగా ఉంటాయి. నది తప్పు నదిది కాదని అప్పుడు తెలుస్తుంది.

గాలే మందైన రోజులు

కొండ మీద ఇంకో విశేషం... క్షయ ఆసుపత్రి. నిజాం కాలం నాటిది. క్షయకు మందు లేని రోజులవి. స్ట్రెప్టోమైసిన్‌ను కనుక్కున్నది 1943లో. అది మనదాకా రావడానికి ఇంకొన్నేళ్లు. అప్పటిదాకా డాక్టర్లు రాయగలిగిన చీటీ ఒక్కటే: మంచి గాలి, మంచి తిండి, విశ్రాంతి. అందుకే ప్రపంచమంతటా శానిటోరియాలను కొండల మీదే కట్టారు. హైదరాబాద్ రాజ్యంలో అలాంటి గాలి ఎక్కడుందని వెతికితే అనంతగిరి కనిపించింది.

ఎందరో ఇక్కడికి దగ్గుతూ వచ్చారు. కొందరు కోలుకుని వెళ్లారు. కొందరు వెళ్లలేకపోయారు. మందులు వచ్చాక గాలికి ఆ పని తప్పింది. కానీ వారమంతా నగరంలో పొగ పీల్చి ఆదివారం ఇక్కడికి పరుగెత్తుకొచ్చే జనాన్ని చూస్తే... వాళ్లంతా వస్తున్నదీ అదే పాత చీటీ పట్టుకునే కదా అనిపిస్తుంది!

రెండోరోజు: కాళ్లకింద కాలం

ట్రెక్కింగ్ అంటే ఎక్కడం అనుకుంటాం. ఈ దారిలో అసలు విశేషం దిగడంలో ఉంది. అనంతగిరి నుంచి పడమరకు నడిచేవాళ్లు మెల్లగా ఎత్తు తగ్గుతూ, దాంతోపాటే కాలంలో వెనక్కి వెళ్తుంటారు.

కొండపైన ఉన్నది లావా. సుమారు ఆరున్నర కోట్ల ఏళ్ల కిందట దక్కన్‌లో భూమి నోరు తెరిచి కక్కిన లావా పొరలు పొరలుగా గడ్డకట్టింది. మహారాష్ట్రలో చాలా భాగం పరుచుకున్న ఆ నల్లరాయికి తూర్పు అంచుల్లో ఈ కొండలు ఒకటి. ఒక లావా పొరకూ మరో పొరకూ మధ్య వేల ఏళ్ల విరామం. ఆ విరామంలో చెరువులు ఏర్పడ్డాయి. చెట్లు మొలిచాయి. జీవులు తిరిగాయి. మళ్లీ లావా వచ్చి అన్నిటినీ కప్పేసింది.

వికారాబాద్‌కు దగ్గర్లోనే పరిగి వైపు నస్కల్ అనే ఊరుంది. అక్కడ రెండు లావా పొరల మధ్య చిక్కుకున్న మట్టిని శాస్త్రవేత్తలు జల్లెడపట్టారు. చిటికెన గోటి మీద నాలుగైదు పట్టేంత పళ్లు దొరికాయి. అవి ఎలుకంత క్షీరదానివి. డైనోసార్ల చివరి యుగమైన క్రెటేషియస్‌లో మనదేశంలో క్షీరదాలు ఉన్నాయనడానికి దొరికిన తొలి సాక్ష్యం అది. జి.వి.ఆర్.ప్రసాద్, అశోక్ సాహ్ని ఆ సంగతిని 1988లో ప్రపంచానికి చెప్పారు. దక్కన్ పేరు మీదే దానికి 'దక్కనోలెస్టిస్' అని పేరు పెట్టారు. ప్రపంచ పాఠ్యపుస్తకాల్లోకెక్కిన ఊరు మన ఊళ్ల పక్కనే ఉంది. దారిలో బోర్డు చూసి ఆగేవాళ్లు ఎందరు!

ఇంకా ముందుకు... కోట్‌పల్లి. చుట్టూ అడవి, మధ్యలో జలాశయం. పొలాలకు నీళ్లివ్వడానికి కట్టిన ఈ ప్రాజెక్టుకు పర్యటకుల్లో పేరు తెచ్చింది స్థానిక యువకులే. కయాకింగ్ పడవలు తెచ్చి, తామే నేర్చుకుని, వచ్చినవాళ్లకు నేర్పారు. పొట్టచేత పట్టుకుని నగరానికి వలసపోవాల్సిన కుర్రాళ్లు ఊళ్లోనే ఉండి నలుగురికి దారి చూపగలరని తెలిసింది ఇక్కడే. పెరూ కొండల్లో జరుగుతున్నదీ ఇదే. దారి ఎవరిదో, ఆదాయం వాళ్లదయినప్పుడే ఆ దారిని వాళ్లు కాపాడుకుంటారు.

ఈ పక్క ఊళ్లలో లంబాడా తండాలు ఎక్కువ. శ్రావణంలో వస్తే తీజ్ పండగ చూడొచ్చు. పెళ్లికాని అమ్మాయిలు బుట్టల్లో గోధుమలు చల్లి, తొమ్మిది రోజులు నీళ్లుపోసి మొలకలు పెంచుతారు. ఆటపాటలతో చివరిరోజు వాటిని నీటిలో కలుపుతారు. శీతాకాలంలో వస్తే దారిపొడవునా సీతాఫలాలు. ఎండాకాలం మొదట్లో వస్తే అడవంతా మోదుగపూల మంట. ఏ కాలంలో వచ్చినా మధ్యాహ్నం జొన్నరొట్టె, పచ్చిమిరపకాయ తొక్కు, పప్పు. నడిచిన కాళ్లకు అంతకుమించిన విందు లేదు.

మూడోరోజు: సముద్రపు అడుగున తాండూరు

లావా అయిపోతుంది. నేల రంగు మారుతుంది. దారి పక్కన పలకలు పలకలుగా రాయి మొదలవుతుంది. తాండూరు వచ్చేసిందన్నమాట.

ఈ రాయి తెలియని తెలుగిల్లు తక్కువ. గ్రానైట్లూ టైల్సూ రాకముందు నడింట్లో, వసారాలో, వంటింట్లో పరిచింది ఈ నాపరాళ్లే. మండువేసవిలో చాప కూడా వేసుకోకుండా వెల్లకిలా పడుకున్నది ఈ బండల మీదే. ఆ చల్లదనం ఎక్కడిదంటే... ఒక సముద్రానిది! సున్నపు బురద అడుగున పేరుకుని, పొర మీద పొర బిగిసి ఈ రాయి అయింది. అది జరిగి 50 కోట్ల ఏళ్లు దాటింది. అప్పటికి డైనోసార్లు లేవు. నేలమీద చెట్టన్నదే లేదు. అందుకే ఉలి దెబ్బకి పుస్తకంలో పేజీల్లా పలకలు విడిపోతుంది. నీలం, పసుపు... ఏ పేజీ రంగు ఆ పేజీదే.

1835లో ఛార్లెస్ డార్విన్ గుర్రాలూ కంచరగాడిదలతో ఆండీస్ దాటుతూ పదివేల అడుగులకు పైన సముద్రపు గవ్వల శిలాజాలు చూసి నిర్ఘాంతపోయాడు. సముద్రపు అడుగు అంత ఎత్తుకి ఎలా వచ్చిందన్న ప్రశ్న ఆయన ఆలోచననే మార్చేసింది. మనకు ఆ ఆశ్చర్యం కోసం అంతదూరం వెళ్లక్కర్లేదు. నానమ్మగారింటి వసారాలో కూర్చుంటే చాలు. కింద ఉన్నది సముద్రమే!

ఓగీపూర్, మల్కాపూర్, కరన్‌కోట్ చుట్టూ నాపరాతి గనులున్నాయి. గని నుంచి పాలిషింగ్ యూనిట్‌కు, అక్కడినుంచి లారీలకూ రైళ్లకూ... ఊరి బతుకంతా ఈ రాయి చుట్టూనే తిరుగుతుంది. అదే రాయి సిమెంటు ఫ్యాక్టరీలకూ ముడిసరకు. దాని ఖరీదూ ఊరే కడుతోంది. రోడ్లమీద తెల్లటి దుమ్ము. గనుల పక్కన గుట్టలుగా పనికిరాని ముక్కలు. తవ్వి వదిలేసిన గుంతల్లో నీళ్లు. రాయి కోసే చేతులకు గ్లౌజులుండవు, ముక్కులకు గుడ్డే మాస్కు. ట్రెక్కింగ్ అంటే పచ్చదనం మాత్రమే చూడ్డం కాదు. మన ఇంటి చల్లదనం ఎవరి ఊపిరితిత్తుల మీదుగా వచ్చిందో చూడ్డం కూడా. మొదటిరోజు చూసిన క్షయ ఆసుపత్రి ఇక్కడ మళ్లీ గుర్తొస్తుంది.

రాయి కింద, మట్టి పైన. ఇక్కడి నల్లరేగడిలో పండే కందికి 2022 డిసెంబరులో భౌగోళిక గుర్తింపు దక్కింది. తొందరగా ఉడుకుతుంది, కమ్మగా ఉంటుంది, చాలాసేపు నిల్వ ఉంటుంది... తాండూరు కందిపప్పుకి ఇదీ పేరు. జూన్, జులైల్లో వేస్తే శీతాకాలానికి చేలన్నీ పసుపుపచ్చటి పూలతో నిండిపోతాయి. కోట్ల ఏళ్ల కిందటి సముద్రం, లావా కలిసి వండిన పప్పు అనుకుంటే ముద్ద ఇంకాస్త రుచిగా ఉండదూ!

ఊళ్లో భాషలూ రాళ్లలాగే పొరలు పొరలు. బజారులో నిలబడితే పది నిమిషాల్లో తెలుగు, ఉర్దూ, కన్నడ, మరాఠీ, లంబాడీ వినిపిస్తాయి. ఒక్క వాక్యంలోనే మూడు భాషలు కలిసిపోతాయి. వీరశైవుల భావిగి భద్రేశ్వరుడి జాతర వస్తే, సరిహద్దుకు ఇటువాళ్లూ అటువాళ్లూ కలిసి రథం లాగుతారు. గీతలు మ్యాపు మీదే. కాగ్నాకు ఆ సంగతి తెలియదు.

దామగుండం దగ్గర ఆగాలి

ఈ కథలో ఓ కష్టమైన పేజీ ఉంది. వికారాబాద్ జిల్లా పూడూరు మండలంలో దామగుండం అడవి ఉంది. అందులో పాత రామలింగేశ్వరాలయం ఉంది. జలాంతర్గాములతో మాట్లాడే నౌకాదళ రేడియో కేంద్రం కోసం ఆ అడవిలో దాదాపు 2,900 ఎకరాలు ఇచ్చారు. 2024 అక్టోబరు 15న రక్షణమంత్రి రాజ్‌నాథ్‌సింగ్ శంకుస్థాపన చేశారు. తమిళనాడులోని తిరునెల్వేలి కేంద్రం తరవాత దేశంలో ఇలాంటిది ఇది రెండోది. సముద్రానికి ఇంతదూరంలో ఎందుకంటే... ఇక్కడి ఎత్తూ, భౌగోళిక స్థితీ ఆ తరంగాలకు అనువైనవని నౌకాదళం చెప్పింది.

దేశరక్షణ ముఖ్యమన్నది ఒక వాదన. మూసీ పుట్టే అడవిని ముట్టుకోవద్దన్నది పర్యావరణవేత్తల వాదన. కొట్టేసే చెట్లెన్ని, బదులుగా నాటేవెన్ని, గుడికి దారి ఉంటుందా, పశువులకు మేత ఉంటుందా... ఊళ్లవాళ్ల ప్రశ్నలు చాలా ఉన్నాయి. ఎవరి పక్షాన నిలబడినా ఒక్కటి మాత్రం గమనించాలి. హైదరాబాద్‌లో మూసీని శుభ్రం చేయడం గురించి ఇన్నేళ్లుగా ఇంత చర్చ జరుగుతోంది. పుట్టినచోట నదికి ఏమవుతోందన్న చర్చ మాత్రం ఎక్కువగా వికారాబాద్ దాటి రాలేదు. కారణం సులువే. చూడనిదాని గురించి ఎవరూ మాట్లాడరు!

అందుకే ఈ నడక కాలక్షేపం మాత్రమే కాదు. స్వదేశ్ దర్శన్ 2.0 పథకంలో అనంతగిరికి చోటు దక్కింది. డబ్బు వస్తుంది, కట్టడాలు వస్తాయి. వాటితోపాటు రావాల్సినవి ఇంకొన్ని ఉన్నాయి. అడవిదారుల్లోకి రోజుకి ఎంతమంది వెళ్లొచ్చో ఓ లెక్క. తండాల నుంచీ పల్లెల నుంచీ శిక్షణ పొందిన గైడ్లు. ఊళ్లో ఇళ్లలోనే బస, భోజనం. ఎండాకాలంలో మంటల భయం ఉన్నప్పుడు అడవికి కొన్నాళ్లు సెలవు. పెరూ ఇవన్నీ బాట అరిగిపోవడం మొదలయ్యాక నేర్చుకుంది. మనకు ఇంకా కొంచెం సమయం ఉంది.

వెళ్లాలనుకుంటే...

వానలు మొదలైన జులై నుంచి జనవరి దాకా మంచికాలం. హైదరాబాద్ నుంచి వికారాబాద్‌కు రైళ్లూ బస్సులూ ఉన్నాయి. తిరుగు ప్రయాణం తాండూరులో రైలెక్కొచ్చు. మూడు రోజులు కుదరకపోతే ఒక్కరోజు అనంతగిరి చుట్టూ నడిచినా చాలు. అడవిలోకి వెళ్లేముందు అటవీశాఖ అనుమతి తీసుకోవాలి. ఊరివాళ్లను వెంట పెట్టుకోవాలి. 'చెప్పులేసుకొని రాకుండ్రి సారూ, నీళ్లు మస్తుగ పట్టుకొండ్రి' అన్నది ఇక్కడివాళ్లు ఎవరికైనా ముందు చెప్పే మాట. రాళ్లు వానలో జారతాయి, ఎండలో కాలతాయి. జలాశయాల్లో ఈతకు దిగకూడదు. పైకి తీసుకెళ్లిన ప్రతి కవరూ కిందికి తీసుకురావాలి. గనుల్లోకి యజమానుల అనుమతి లేకుండా వెళ్లకూడదు.

చినుకులు కలిసేచోటు

ఇంతకీ ఆ రెండు చినుకులు ఏమయ్యాయి?

ఆండీస్ మీద ఇలాగే రెండు చినుకులు పడితే కథ వేరు. ఒకటి పడమరకు దిగి పసిఫిక్‌లో కలుస్తుంది. రెండోది అమెజాన్ దారిపట్టి, వేల కిలోమీటర్లు నడిచి అట్లాంటిక్‌లో కలుస్తుంది. ఒక్క గట్టు మీద విడిపోయినవి రెండు మహాసముద్రాల పాలవుతాయి.

మన చినుకులది అంత కఠినమైన విడాకు కాదు. తూర్పు చినుకు మూసీగా హైదరాబాద్‌లోకి వెళ్లింది. నగరం తనలో కలిపిందంతా మోసుకుంటూ నల్గొండ వైపు నడిచింది. పడమటి చినుకు కాగ్నాగా కర్ణాటకకు వెళ్లింది. భీమాలో కలిసింది. నారాయణపేట జిల్లా తంగిడి దగ్గర భీమాతోపాటు కృష్ణలో కలిసింది. జూరాల చూసింది. శ్రీశైలం చూసింది. నాగార్జునసాగర్ గేట్లు దాటింది.

నల్గొండ జిల్లా వాడపల్లి. సాగర్ దిగువన, మూసీ వచ్చి కృష్ణలో కలిసేచోటు. అనంతగిరి మీద విడిపోయిన ఆ ఇద్దరు తోబుట్టువులు మళ్లీ ఒకరికొకరు ఎదురుపడేది అక్కడే. ఒకరి ఒంటిమీద తాండూరు రాతిదుమ్ము. ఇంకొకరి ఒంటిమీద హైదరాబాద్ మురికి.

కొండ మీంచి బయల్దేరినప్పుడు మాత్రం ఇద్దరూ తేటగానే ఉన్నారు.